ఆ యాసే ఆయన కొలువు!

చేవెళ్ల మండలంలోని పామెన నుంచి వచ్చిన రవికుమార్ 'బిత్తిరి సత్తి' ఎలా అయ్యారు? మనం ఇంటర్వ్యూ గదిలో దాచుకునే మాటే ఆయనకు ఎలా అన్నం పెట్టింది? ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఉన్న మనకు అందులో పనికొచ్చేదేంటి?

మెహిదీపట్నంలో పొద్దున్నే చేవెళ్ల బస్సు ఎక్కి చూడండి. లంగర్‌హౌస్ దాటేసరికి సగం బస్సు కాలేజీ బ్యాగులతో నిండిపోతుంది. అజీజ్‌నగర్, చిలుకూరు, మొయినాబాద్.. ఈ చుట్టుపక్కల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలే అంతా. ఎదురుగా వచ్చే బండ్లలో పూలు, కూరగాయలు సిటీకి పోతుంటాయి. 2015 నుంచి 2019 వరకు నాలుగేళ్లు నేనూ ఆ బస్సులోనే తిరిగాను.

ఆ బస్సులో ఒక వింత ఉండేది. అజీజ్‌నగర్ దాకా అందరం మా ఊరి మాటే మాట్లాడుకునేవాళ్లం. 'ఏంరా, గిట్లెందుకు చేస్తున్నవ్', 'గా సార్ మస్తు తిట్టిండు'.. ఇలా. కాలేజీ గేటు లోపలికి కాలు పెట్టగానే గొంతు మారిపోయేది. కొంచెం ఇంగ్లిష్, కొంచెం 'పుస్తకం తెలుగు'. ఎవరూ చెప్పలేదు, ఎవరూ రూల్ పెట్టలేదు. మా అంతట మేమే మార్చుకున్నాం.

ఫైనలియర్‌లో ఒక కంపెనీ వచ్చింది. చేవెళ్ల అవతలి ఊరి నుంచి వచ్చే మా ఫ్రెండ్ ఒకడు కోడింగ్ రౌండ్‌లో అందరికన్నా ముందు పూర్తి చేశాడు. టెక్నికల్ కూడా దాటాడు. హెచ్ఆర్ రౌండ్‌లో పోయింది. 'మీ గురించి చెప్పండి' అంటే బట్టీ పట్టింది అప్పజెప్పాడట. ఆ తర్వాత రెండో ప్రశ్నకు నోరు పెగల్లేదు. బయటికొచ్చాక 'ఏమైందిరా?' అనడిగాను. 'ఏం లేదురా, మా ఊరి మాట ఎక్కడ బయటపడ్తదో అని భయమైంది. అందుకే నోరే తెర్వలే' అన్నాడు.

ఆ సాయంత్రం అదే బస్సులో తిరిగి వస్తున్నాం. ముందు సీట్లో ఎవరో ఫోన్‌లో 'తీన్మార్ వార్తలు' పెట్టారు. బిత్తిరి సత్తి మాట్లాడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు వంచి చూసి పడీ పడీ నవ్వుతున్నారు. మా ఫ్రెండ్ కూడా నవ్వాడు. కాసేపయ్యాక నా వైపు తిరిగి, 'ఈయనది మా పక్కూరే, ఎరుకేనా?' అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. పొద్దున ఏ మాట బయటపడుతుందని వాడు భయపడ్డాడో, సాయంత్రం అదే మాటతో ఇంకొకాయన కొలువు చేస్తున్నారు.

పామెన నుంచి స్టూడియో దాకా

బిత్తిరి సత్తి అసలు పేరు రవికుమార్. ఊరు రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం పామెన. చేవెళ్ల రవిగా కూడా తెలిసినవాళ్లకు తెలుసు. హైదరాబాద్‌కు దగ్గర్లోనే ఉన్నా, ఈ ప్రాంతం ఇప్పటికీ పొలం, పాలు, పూలతో బతికే ప్రాంతమే. సిటీ కనిపించేంత దగ్గర, అందనంత దూరం. ఇక్కడి నుంచి చదువు కోసమో పని కోసమో సిటీకి వెళ్లే ప్రతి కుర్రాడికీ ఆ రెండూ తెలుసు.

రవి దగ్గర ఉన్న సరుకు మిమిక్రీ, మనుషుల్ని గమనించే కన్ను, సొంత ఊరి మాట. వీటికి ఏ కాలేజీ సర్టిఫికెట్ ఇవ్వదు. గుర్తింపు కూడా తొందరగా రాలేదు. ముప్పై దాటాకే రాష్ట్రమంతా గుర్తుపట్టే పేరు వచ్చింది. ఇరవై మూడేళ్లకే 'నా పని అయిపోయింది' అనుకునే మన బ్యాచ్ ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మలుపు తిప్పింది వీ6 ఛానల్‌లో వచ్చిన తీన్మార్ వార్తలు. వార్తల్ని తెలంగాణ మాటలోనే చెప్పే కార్యక్రమం అది. స్టూడియోలో సావిత్రిగా శివజ్యోతి, ఊరివాడిగా బిత్తిరి సత్తి. 'బిత్తిరి' అంటే మనకు తెలిసిందే.. బిత్తరపోయినట్టు, తెల్లమొహం వేసుకుని చూసేవాడు. కానీ ఆ బిత్తర చూపు వెనక చాలా తెలివైన ప్రశ్న ఉంటుంది. పెట్రోలు ధర పెరిగినా, నోట్లు రద్దయినా, వాన పడకపోయినా.. మామూలు ఊరివాడికి వచ్చే అనుమానాన్ని ఏమీ తెలియనట్టు అడిగేస్తాడు. నవ్వు వస్తుంది. నవ్వయిపోయాక 'నిజమే కదా' అనిపిస్తుంది.

టెక్నాలజీ రాసేవాడిగా నాకు ఇందులో ఒక సంగతి బాగా నచ్చుతుంది. కష్టమైన విషయాన్ని ఏమీ తెలియనివాడి వైపు నుంచి అడగడం చాలా పెద్ద నైపుణ్యం. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో 'యూజర్ వైపు నుంచి ఆలోచించండి' అని నెలల తరబడి శిక్షణ ఇస్తారు. సత్తి ఆ పనిని రోజూ కెమెరా ముందు చేశారు.

ఒక్కడి అదృష్టం కాదు

'ఆయనకేదో టైమ్ కలిసొచ్చింది' అని కొట్టిపారేయొచ్చు. టైమ్ కలిసొచ్చిన మాట నిజమే. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. సొంత భాషలో వార్త వినాలన్న ఆకలి జనానికి అప్పటికే ఉంది. అయితే ఆ టైమ్‌కు సిద్ధంగా ఉన్నవాళ్లే నిలబడ్డారు. అదే కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న తీన్మార్ మల్లన్న తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి 2024లో ఎమ్మెల్సీ అయ్యారు. శివజ్యోతి 2019లో బిగ్‌బాస్ మూడో సీజన్‌కు వెళ్లారు. అదే ఛానల్‌లో 'మాటకారి మంగ్లీ'గా కనిపించిన అమ్మాయి సినిమా పాటల్లో పెద్ద గొంతయింది. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాకు ఆమె పాడిన 'సారంగ దరియా' వినని పెళ్లి బారాత్ ఉండదేమో.

దీనికి వెనక చాలా పొడవైన కథ ఉంది. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి', బి.నరసింగరావు తీసిన 'దాసి' లాంటి సినిమాలు ఎప్పుడో ఇక్కడి బతుకును తెర మీదికి తెచ్చాయి. 'దాసి'కి గాను అర్చన జాతీయ ఉత్తమ నటి అయ్యారు. కానీ మామూలు కమర్షియల్ సినిమాలో మాత్రం చాలాకాలం ఈ మాట రౌడీకో, హాస్యగాడికో, పనివాడికో మాత్రమే ఉండేది. హీరో మాట్లాడేది కాదు.

అది మన కళ్ల ముందే మారింది. 2016లో 'పెళ్లి చూపులు'లో ప్రియదర్శి, 2017లో 'ఫిదా'లో సాయిపల్లవి చేసిన బాన్సువాడ అమ్మాయి భానుమతి, 2019లో 'మల్లేశం', 2021లో జోగిపేట కుర్రాళ్ల కథ 'జాతిరత్నాలు', 2022లో 'డీజే టిల్లు', 2023లో 'బలగం', 'దసరా'. 'బలగం' తీసిన వేణు ఎల్దండి అంతకుముందు కామెడీ నటుడే. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, చావు ఇంట్లో జరిగే తంతు చుట్టూ కథ అల్లారు. ఊళ్లల్లో తెరలు కట్టుకుని మరీ జనం దాన్ని చూశారు.

అంటే మా బ్యాచ్ ఇంటర్వ్యూ గది బయట కూర్చుని యాస దాచుకుంటున్న ఆ నాలుగేళ్లలోనే, బయట ఆ యాస ధర పెరుగుతూ వచ్చింది. మేమే గమనించలేదు.

దెబ్బలూ తగిలాయి

ఇది పూలబాట మాత్రం కాదు. 2017 నవంబరులో ఛానల్ ఆఫీసు దగ్గరే ఒక వ్యక్తి సత్తి మీద హెల్మెట్‌తో దాడి చేశాడు. కారణమేంటో తెలుసా? తెలంగాణ యాసను కించపరుస్తున్నాడని! ఆ మాటతోనే పుట్టి పెరిగిన మనిషికి ఆ నింద ఎంత గుచ్చుకుని ఉంటుంది!

కొట్టడం తప్పే. రెండో మాట లేదు. కానీ ఆ కోపం వెనకున్న ప్రశ్నను మాత్రం పక్కన పెట్టలేం. మన మాట విని జనం నవ్వుతున్నప్పుడు, మనతో కలిసి నవ్వుతున్నారా, మనల్ని చూసి నవ్వుతున్నారా? హాస్యం చేసేవాళ్లకు ఈ గీత చాలా సన్నం. నా వరకు చెప్పాలంటే, సత్తి పాత్రలో ఊరివాడు ఓడిపోయి నవ్వించడు. ప్రశ్న అడిగి నవ్విస్తాడు. అందుకే మా బస్సులో నవ్వినవాళ్లలో చేవెళ్ల రైతులూ ఉన్నారు. అయినా వేరేలా అనిపించేవాళ్లు ఉంటారు. జనంలోకి వెళ్లే పని ఎంచుకుంటే ఆ మాటా పడాల్సిందే. రోజూ ఫోన్‌లో కామెంట్లు చదువుకునే యూట్యూబర్లకు ఇది బాగా తెలుసు.

2019లో ఆయన టీవీ9కు వెళ్లి 'ఇస్మార్ట్ న్యూస్' చేశారు. 2020లో సాక్షి టీవీకి మారి 'గరం గరం వార్తలు' మొదలుపెట్టారు. ఛానల్ మారినా పాత్ర ఆయన వెంటే వెళ్లింది. ఇది చాలా పెద్ద విషయం. ఉద్యోగం ఆఫీసుది, నైపుణ్యం మనది. ఐడీ కార్డు వెనక్కి ఇచ్చేసినా మన వెంట వచ్చేదేంటో ప్రతి ఉద్యోగీ ఒకసారి రాసుకోవాలి.

2019 అక్టోబరులో 'తుపాకీ రాముడు' సినిమాతో హీరో కూడా అయ్యారు. 'బతుకమ్మ' సినిమా తీసిన టి.ప్రభాకర్ దర్శకుడు, రసమయి బాలకిషన్ నిర్మాత. అది పెద్దగా ఆడలేదు. టీవీలో అయిదు నిమిషాలు కడుపుబ్బ నవ్వించడం వేరు, రెండు గంటలు కథను భుజాన మోయడం వేరు. ఒక పాత్ర మనిషికి పేరు తెస్తుంది, అదే పాత్ర గోడ కూడా కడుతుంది. సత్తిని చూడటానికి అలవాటు పడ్డ కళ్లు ఇంకొకరిని ఒప్పుకోవు. ఒకే టెక్నాలజీ మీద పదేళ్లు కూర్చున్న ఇంజినీరుకు కూడా ఇదే గోడ ఎదురవుతుంది. ఆ తర్వాత ఆయన తన బలమున్న చోటికే, టీవీకే వచ్చారు. ఓడిన ప్రయత్నం ఒకటి ఉన్నంత మాత్రాన కెరియర్ ఓడినట్టు కాదు.

బీటెక్ చేసి వెళ్లినాయన

'మాకు మిమిక్రీ రాదు, మాది బీటెక్' అంటారా? అయితే నవీన్ పొలిశెట్టిని చూడండి. హైదరాబాద్ కుర్రాడు. భోపాల్‌లోని మానిట్‌లో ఇంజినీరింగ్ చదివారు. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేశారు. అది వదిలేసి వచ్చి ముంబయిలో ఆడిషన్ల చుట్టూ తిరిగారు. 2012లో శేఖర్ కమ్ముల 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్', 2014లో '1 నేనొక్కడినే'లో చిన్న పాత్రలు. మీరు ఆ సినిమాలు చూసి కూడా ఆయన్ను గుర్తుపట్టి ఉండరు.

పేరు తెచ్చిందేంటో తెలుసా? ఏఐబీ వాళ్లు ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ల మీద చేసిన కామెడీ వీడియో! కాలేజీలో తాను చూసిన బతుకే ఆయన్ను దేశమంతా చూసేలా చేసింది. ఆ తర్వాత 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. అందులో హీరో మాత్రమే కాదు, దర్శకుడు స్వరూప్‌తో కలిసి రచనలోనూ పాలు పంచుకున్నారు. అవకాశం రాకపోతే అవకాశాన్ని రాసుకున్నారన్నమాట. అదే ఏడాది హిందీలో 'చిచోరే', 2021లో 'జాతిరత్నాలు', 2023లో 'మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి'.

మొదటి సినిమాకూ హీరోగా గుర్తింపు వచ్చిన సినిమాకూ మధ్య ఏడేళ్లు. మనం బీటెక్ మొదలుపెట్టి పూర్తిచేసి, మూడేళ్లు ఉద్యోగం కూడా చేసేంత కాలం. 'ఉద్యోగం మానేసి కల వెంట పరిగెత్తాడు' అని ఒక్క లైన్‌లో రీల్ చేస్తారు. ఆ లైన్‌లో ఈ ఏడేళ్లు కనిపించవు.

యాభై ఏళ్లకు గుర్తింపు

ఇది మన దగ్గరి సంగతే అనుకోకండి. అమెరికా నటుడు మోర్గాన్ ఫ్రీమన్ గురించి వినే ఉంటారు. 'ది షాషాంక్ రిడెంప్షన్' చూడని హాస్టల్ రూమ్ ఉండదు. 1937లో మెంఫిస్‌లో పుట్టి, మిసిసిపీ రాష్ట్రంలో పెరిగారు. నల్లవాళ్లను తెల్లవాళ్లకు దూరంగా ఉంచే చట్టాలు నడుస్తున్న రోజులవి. నాటకాల కోసం యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇస్తామన్నా కాదని 1955లో వైమానిక దళంలో చేరారు. పైలట్ కావాలని కల. నాలుగేళ్లకు అది తన దారి కాదని తేల్చుకుని బయటికొచ్చారు. లాస్ ఏంజిలస్‌లో ఒక కాలేజీలో గుమాస్తాగా పనిచేశారు. నటనలో పాఠాలు కూడా నేర్చుకున్నారు.

1971 నుంచి 1977 దాకా 'ది ఎలక్ట్రిక్ కంపెనీ' అనే పిల్లల టీవీ కార్యక్రమంలో చేశారు. పిల్లలకు చదవడం నేర్పే హాస్య కార్యక్రమం అది. అంటే ఆయన కూడా మన సత్తిలాగే టీవీలో నవ్వించే పాత్రలతో ఇంటింటికీ వెళ్లినవారే. సినిమాల్లో అసలైన గుర్తింపు 1987లో 'స్ట్రీట్ స్మార్ట్'తో వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు! తొలి ఆస్కార్ నామినేషన్ దానికే. ఆస్కార్ చేతికి వచ్చింది 2005లో, 'మిలియన్ డాలర్ బేబీ'కి. అప్పటికి 67 ఏళ్లు.

ఇవాళ ప్రపంచమంతా ఆయన గొంతును గుర్తుపడుతుంది. డాక్యుమెంటరీలకు ఆ గొంతే కావాలంటుంది. ఆ గొంతు పుట్టుకతో వచ్చిందే అనుకుంటాం. కానీ కాలేజీ రోజుల్లో ఆయన గొంతును వాడుకోవడం, పదాలు స్పష్టంగా పలకడం శ్రద్ధగా నేర్చుకున్నారు. మనకు పనికొచ్చే అసలు సంగతి ఇక్కడే ఉంది.

యాస వేరు, స్పష్టత వేరు

మా ఫ్రెండ్ ఆ రోజు ఓడిపోయింది యాస వల్ల కాదు. యాసను దాచాలన్న భయం వల్ల. నోరు తెరవనివాడిని ఎవరూ సెలెక్ట్ చేయలేరు. అలాగని 'నా మాట ఇంతే, అర్థమైతే అర్థం చేసుకోండి' అన్నా కుదరదు. సత్తి మాట గమనించండి. ఎంత వేగంగా మాట్లాడినా ఏ పదమూ మింగేయడు. శ్రీకాకుళంలో కూర్చుని చూసినవాళ్లకూ అర్థమవుతుంది. యాస ఆయనది, స్పష్టత ఆయన సాధన.

నేను ఇంటర్వ్యూల్లో మూడుసార్లు పోయాక నేర్చుకున్నవి చెబుతాను. పెద్ద రహస్యాలేం కావు.

● రోజూ రెండు నిమిషాలు ఫోన్‌లో మీ మాట రికార్డు చేయండి. మీ ప్రాజెక్టు గురించి అమ్మకు చెబుతున్నట్టు చెప్పండి. మొదటి వారం వినలేం, సిగ్గేస్తుంది. వినండి. ఎక్కడ పదం మింగుతున్నారో మీకే తెలుస్తుంది.

● వాక్యం చిన్నది చేయండి. ఇంగ్లిష్‌లో పెద్ద వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కోవడమే మనలో చాలామంది సమస్య. మూడు చిన్న వాక్యాలు ఒక పెద్ద వాక్యం కన్నా మేలు.

● అమెరికా యాస తెచ్చిపెట్టుకోకండి. వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మన పలుకుతోనే నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడితే చాలు.

● మాట తడబడితే ఆగండి. 'ఒక్క క్షణం ఆలోచించి చెబుతాను' అనడం తప్పు కాదు. మౌనంగా నేలచూపులు చూడటమే తప్పు.

● మీ ఊరు దాచకండి. 'చేవెళ్ల దగ్గర మా ఊరు, నాన్న పూల తోట చేస్తారు, మార్కెట్ ధరలు చూసుకోవడానికి నేనో చిన్న యాప్ చేశాను' అని చెప్పే కుర్రాడు ఇంటర్వ్యూ చేసేవాళ్లకు సాయంత్రం దాకా గుర్తుంటాడు. బట్టీ పట్టిన పరిచయం అయిదు నిమిషాలు కూడా గుర్తుండదు.

నటనే దారి అనుకుంటే..

ఇది చదివి 'నేనూ సత్తి అవుతా' అనుకునేవాళ్లు ఉంటారు. మంచిదే. కానీ దారి తెలుసుకుని వెళ్లండి.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల విభాగం ఉంది. పీజీ కోర్సు చేయొచ్చు. మొయినాబాద్ నుంచి పెద్ద దూరం కూడా కాదు. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కోర్సులున్నాయి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు. డిగ్రీతోపాటు నాటకాల్లో చేసిన అనుభవమూ అడుగుతారు, విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇస్తారు. పుణెలోని ఎఫ్‌టీఐఐలో సినిమా నటనకు ప్రత్యేక కోర్సు ఉంది. అన్నపూర్ణ స్టూడియోస్ వాళ్ల ఫిల్మ్ కాలేజీ, రామానాయుడు ఫిల్మ్ స్కూల్ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ప్రైవేటు వాటిలో ఫీజు ఎక్కువ. అప్పు చేసే ముందు పాత విద్యార్థులతో మాట్లాడండి.

కోర్సుకు ముందు చేయాల్సింది ఇంకోటుంది. రవీంద్రభారతికి వెళ్లి నాటకం చూడండి. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో సాయంత్రం కూర్చోండి. వీలైతే ఏదైనా నాటక బృందంలో చేరండి. తెర ఎత్తడం, కుర్చీలు మోయడం దగ్గర మొదలుపెట్టినా సరే. ఆరు నెలలయ్యాక కూడా అక్కడికి వెళ్లాలనిపిస్తుంటే, అప్పుడు కోర్సు గురించి ఆలోచించండి.

ఊళ్లోనే ఉండి కూడా మొదలుపెట్టొచ్చు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి కుర్రాళ్లు 'మై విలేజ్ షో' అని యూట్యూబ్ ఛానల్ పెట్టారు. కూలి పనులు చేసుకునే గంగవ్వ దాంతోనే తెలుగువాళ్లందరికీ తెలిసింది, 2020లో బిగ్‌బాస్‌కు వెళ్లింది. ఆ వీడియోల్లో నటన ఒక్కటే లేదు. రాయడం, కెమెరా, ఎడిటింగ్, సౌండ్ అన్నీ ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఎడిటింగ్, విజువల్ ఎఫెక్ట్స్, సౌండ్ లాంటివి తెర వెనక నుంచి తెరచుకునే తలుపులు. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లలో షూటింగ్ జరిగితే గోడ ఎక్కి హీరోని చూసి వచ్చేస్తాం. ఈసారి లైట్లు ఎవరు పెడుతున్నారో, సౌండ్ ఎవరు రికార్డు చేస్తున్నారో కూడా చూడండి.

ఒక జాగ్రత్త. 'సినిమాలో చాన్స్ ఇప్పిస్తాం, ముందు ఇంత కట్టండి' అనేవాళ్లకు దూరంగా ఉండండి. సాఫ్ట్‌వేర్‌లో 'బ్యాక్‌డోర్ ఉద్యోగం' అని లక్షలు గుంజేవాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. పని ఇచ్చేవాళ్లు మనకు డబ్బివ్వాలి. మన దగ్గర తీసుకోవడమేంటి?

ఇంకోటి, ఇంట్లో పరిస్థితి. నాన్న అప్పు తీర్చాల్సి ఉంటే ముందు ఉద్యోగం తెచ్చుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నెల జీతం వస్తుంటే సాయంత్రాలు, ఆదివారాలు మీవి. రెండేళ్లో మూడేళ్లో గడువు పెట్టుకుని ప్రయత్నించండి. ఖాళీ కడుపుతో ఆడిషన్‌కు వెళ్తే ఏ పాత్ర వచ్చినా ఒప్పుకోవాల్సి వస్తుంది. కడుపు నిండి ఉంటే వద్దనే ధైర్యం ఉంటుంది.

మళ్లీ అదే బస్సు

మా ఫ్రెండ్ సంగతి చెప్పలేదు కదా. ఆ కంపెనీ పోయాక ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు కూడా చేశాడు. కోరిక తీరితే నూట ఎనిమిది చేస్తానని మొక్కుకున్నాడు. తర్వాత సిటీలో ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూకు పిలిచారు. 'మీ గురించి చెప్పండి' అన్నారు. ఈసారి బట్టీ పట్టింది చెప్పలేదట. 'సార్, నా ఇంగ్లిష్ కొంచెం నెమ్మదిగా వస్తుంది. కానీ నేను చేసిన పని గురించి ఎంతసేపైనా చెప్పగలను' అని మొదలుపెట్టాడట. నలభై నిమిషాలు మాట్లాడించారు. వారానికి ఆఫర్ వచ్చింది. జీతం పెద్దదేం కాదు. కానీ వాడు ఇవాళ అక్కడే టీమ్‌ను నడుపుతున్నాడు. కొత్తగా చేరే పిల్లలను ఇంటర్వ్యూ చేసేదీ వాడే.

మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగాను, 'ఊరి నుంచి వచ్చిన పిల్లలు భయపడుతుంటే ఏం చేస్తావ్‌రా?' అని. 'ఏముంది, ఫస్ట్ నేనే మన మాటల మాట్లాడ్త. ఏ ఊరు తమ్మీ మీది, అంట. గంతే. వాళ్ల మొఖం తెలివికొస్తది' అన్నాడు.

ఆ నూట ఎనిమిది ప్రదక్షిణల సంగతీ అడిగాను. ఉద్యోగంలో చేరే ముందు రోజే పూర్తి చేశాడట. చేవెళ్ల బస్సులోనే వెళ్లి వచ్చాడట.